ద్రాక్షపండు, ఎర్రకణం, చిటికెడు ఉప్పు

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోయే బాటకు ఇరుప్రక్కల ఒకప్పుడు ద్రాక్ష పందిళ్ళు విరివిగా ఉండేవి. ఆ నేలల్లో చాలా భాగం ఇప్పుడు ఇండ్ల జాగాలుగా, గోదాములుగా మారిపోయింది. అయినా ఆనాడు తోటలు సాగుచేసిన పెద్దలు ఆ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అనాబ్-ఎ-షాహీ, అనగా రాజద్రాక్ష, పండించిన రోజులను తలచుకొని వారు చెప్పిన మాట ఒకటి మా మనసులో నిలిచిపోయింది. ఎండకు తోట అంతగా బెదరదు, నీరు పెట్టి కాపాడుకోవచ్చు. భయమంతా కోతకు ముందు పడే చెడగొట్టు వానకే. పండు తీపెక్కిన వేళ గట్టి వాన కురిస్తే మరునాటికి గుత్తుల్లో పండ్లు పగిలి కనిపిస్తాయట. రాళ్ళవాన కాదు, గాలిదుమారం కాదు, ఉత్త నీరు.

ఉత్త నీరు పండును ఎలా పగులగొడుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం తోటలో కంటే రక్తంలో తేటగా కనిపిస్తుంది. ఆ సంగతి మాకు తెలిసింది ఇటీవలనే. మేము విజ్ఞానశాస్త్రం చదివినవారం కాము. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవారం. ఒకనాడు జంతుశాస్త్ర శాఖలోని మిత్రులు మమ్మల్ని తమ ప్రయోగశాలకు పిలిచి రెండు పరీక్షనాళికలు చూపించారు. ఒకదానిలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీరు, రెండవదానిలో స్వేదనజలం. రెండింటిలోనూ ఒక్కొక్క చుక్క రక్తం వేశారు. ఉప్పునీటి నాళిక ఎర్రమట్టి కలిసిన వాగునీటి వలె మసకబారింది. స్వేదనజలపు నాళిక మాత్రం క్షణాల్లో పలుచని రూహ్ అఫ్జా షర్బత్ వలె నిర్మలమైన ఎరుపుగా మారింది. మా చేతిలోని తెలుగు వాచకాన్ని ఆ నాళికల వెనుక పట్టి చూడమన్నారు. మొదటిదాని గుండా ఒక్క అక్షరమూ కనబడలేదు. రెండవదాని గుండా ఒత్తులతో సహా చదువగలిగాము.

చూడటానికి రెండవ నాళికే అందంగా ఉన్నది. కాని ప్రాణమున్న కణాలున్నది మొదటిదానిలో. ఆ మసకకు కారణం లక్షల కణాలు చెక్కుచెదరక తేలుతూ వెలుతురును అడ్డగించడమే. రెండవదానిలో అడ్డగించటానికి కణమన్నది మిగలలేదు. అన్నీ పగిలి, వాటిలోని హీమోగ్లోబిన్ నీటిలో కలిసిపోయింది.

దీనికి మూలమైన సూత్రాన్ని ద్రవాభిసరణం అంటారు. ఈ మాట చూడగానే మాబోటివారికి కావ్యాల్లోని అభిసారిక గుర్తుకు రాక తప్పదు. అభిసరణమంటే ఎదురుగా వెళ్ళడం. ప్రియుని వెదుక్కొంటూ తానే బయలుదేరే నాయిక అభిసారిక. ఈ శాస్త్రపదాన్ని కూర్చినవారు ఆ నాయికను తలచుకొన్నారో లేదో గాని, పోలిక చక్కగా అతికింది. ఇక్కడ బయలుదేరేది నీరు. ఉప్పుగాని చక్కెరగాని ఎక్కువగా ఉన్న చోటికి, అవి తక్కువగా ఉన్న చోటినుండి నీరు తానుగా నడిచిపోతుంది. అయితే నడుమ ఒక పొర ఉండాలి. ఆ పొర నీటిని పోనివ్వాలి, ఉప్పును చక్కెరను పోనివ్వరాదు. ఇటువంటి పొరను అర్ధపారగమ్య త్వచం అంటారు. ఉప్పు గడప దాటలేదు గనుక నీరే దాని వద్దకు వెళుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు.

దీనికి ఉదాహరణల కోసం దూరం పోనక్కరలేదు. పండుగనాడు పాలలో వేసిన కిస్మిస్ ఉబ్బి గుండ్రమవుతుంది. ఉప్పు పట్టించిన మామిడిముక్క తెల్లవారేసరికి ఊట దిగుతుంది. మొదటిచోట నీరు లోపలికి పోయింది, రెండవచోట బయటికి వచ్చింది. పక్వమైన ద్రాక్షలో చక్కెర నిండుగా ఉంటుంది. వాననీటిలో ఏమీ ఉండదు. పండు తొక్క మీద నిలిచిన నీరు తొక్క గుండాను, వేరు పీల్చిన నీరు తొడిమ గుండాను లోపలికి చేరి పండును ఉబ్బించగా, సాగలేని తొక్క చిట్లిపోతుంది. బట్టలు ఉతికేటప్పుడు వేళ్ళ చివరలు ముడుతలు పడటం కూడా ఇదేనని చాలామంది అనుకొంటారు. మేమూ అట్లే అనుకొన్నాము. అది పొరపాటట. నరం తెగిన వేలు ఎంతసేపు నానినా ముడుత పడదు; కనుక అది నాడీమండలం చేసే పని.

ద్రవాభిసరణాన్ని మొదట గమనించి వ్రాసినవాడు ఫ్రెంచి దేశస్థుడైన నోలె. 1748లో ఆయన ఒక పాత్రలో సారాయి పోసి, మూతికి జంతువు మూత్రాశయపు పొర కట్టి నీటిలో ముంచగా ఆ పొర ఉబ్బింది. తరువాత సుమారు నూట నలభై ఏండ్లకు డచ్చి శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్ ఈ ఉబ్బించే శక్తిని లెక్కగట్టే సూత్రం కనుగొన్నాడు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, ఆయనకే దక్కింది. ఆ సూత్రం ప్రకారం మన రక్తకణానికి, శుద్ధమైన నీటికి నడుమ ఏర్పడే ఒత్తిడి ఏడు వాతావరణ పీడనాలకు పైమాటే. సులువుగా చెప్పాలంటే అది డెబ్బై మీటర్లకు మించిన నీటి స్తంభం మోపే బరువు. చార్మినార్ అంత ఎత్తు లేదు. కంటికి కనబడని ఒక తిత్తి మీద అంత ఒత్తిడి పడితే అది నిలుస్తుందా?

ఆ తిత్తి ఎటువంటిదో చూద్దాం. ఎర్ర రక్తకణం అడ్డుకొలత 7 లేక 8 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు ఏడెనిమిది రెట్లు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇటువంటివి సుమారు యాభై లక్షలుంటాయి. ఆకారంలో అది బంతి కాదు. రెండువైపులా నడుమ నొక్కిన బిళ్ళ. వెనుకటి రోజుల్లో భిస్తీలు మోసిన తోలు మష్కును సగమే నింపితే ఎలా వ్రేలాడుతుందో, ఎర్రకణం అలా కొంత ఖాళీ పెట్టుకొని ఉంటుంది. దాని ఘనపరిమాణం సుమారు 90 ఘన మైక్రాన్లు. అదే పొర గుండ్రని బంతిగా ఉబ్బితే 150కి పైగా పడుతుంది. ఆ మిగులు పొరే దానికి రక్ష. దానివల్లనే సన్నని కేశనాళికల్లో వంగి, మెలిక తిరిగి దూరిపోగలదు. కొంచెం నీరు ఎక్కువైనా బిళ్ళ బంతి అవుతుంది గాని వెంటనే పగలదు. బంతి అయిన తరువాత ఇంకా నీరు చొరబడితే మాత్రం ఇక దారి లేదు. ఆ పొర రబ్బరు వలె సాగేది కాదు. అది చిరిగి లోపలి ఎరుపు బయటపడుతుంది. దీనినే హీమోలైసిస్, రక్తకణ విచ్ఛిత్తి, అంటారు.

ఉప్పు ఎంత ఉంటే కణం ఉబ్బక, ముడుచుకోక ఉంటుంది? 19వ శతాబ్దపు చివరి దశకాల్లో హాంబర్గర్ అనే డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు రకరకాల గాఢతలు గల ఉప్పునీళ్ళలో రక్తకణాలు వేసి, ఏ గాఢత వద్ద అవి పగలడం మొదలవుతుందో పరిశీలించాడు. మనిషి రక్తానికి సరిపడే ఉప్పునీరు నూటికి 0.9 పాళ్ళన్న లెక్క అట్టి పరిశ్రమ నుండి వచ్చినదే. నేడు ఆస్పత్రిలో రోగి మంచం ప్రక్కన వ్రేలాడే సెలైన్ సీసా మీద కనిపించే 0.9 శాతం అంకె ఇదే. దీనిని సమగాఢ ద్రావణం అంటారు. ఉప్పు ఇంతకు తగ్గితే అల్పగాఢ ద్రావణం. దానిలో కణం ఉబ్బుతుంది, నూటికి 0.5 పాళ్ళకు దిగేసరికి బలహీనమైనవి పగలడం మొదలై, 0.3 వద్దకు వచ్చేసరికి దాదాపు అన్నీ పగిలిపోతాయి. ఉప్పు ఎక్కువైతే అధికగాఢ ద్రావణం. అక్కడ నీరు కణం విడిచి బయటికి పోగా, అది వాడి ముడుచుకొని చుట్టూ ముండ్లు లేచినట్లు కనిపిస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు నూటికి సుమారు 3.5 పాళ్ళు. దప్పిగొన్న నావికుడు దానిని త్రాగితే దప్పి తీరకపోగా ఒంటిలోని నీరే తరిగిపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ మా తరగతిలోని ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న చెప్పాలి. “సార్, మనం రోజూ చెంబెడు మంచినీళ్ళు త్రాగుతున్నాము గదా, మన కణాలెందుకు పగలడం లేదు?” అన్నది. మంచి ప్రశ్న. త్రాగిన నీరు తిన్నగా రక్తంలో పడదు. ప్రేగుల గోడల గుండా కొంచెం కొంచెంగా చేరి, అయిదు లీటర్ల రక్తంలోనూ, అంతకు ఎన్నో రెట్లున్న ఒంటినీటిలోనూ పరచుకొంటుంది. ఎక్కువైనదానిని మూత్రపిండాలు గంటల్లోనే బయటికి పంపివేస్తాయి. పందెం కట్టి ఒకే బిగిన లీటర్ల కొద్దీ నీరు త్రాగినవారికి ప్రాణాపాయం కలుగుతుంది. అప్పుడు కూడా ముందు దెబ్బతినేది ఎర్రకణం కాదు. ఎముక డొల్లలో చోటులేక ఉబ్బిన మెదడు.

సూదిగుండా నరంలోకి నీరు పోవడం మాత్రం వేరు సంగతి. అక్కడ కాపలా లేదు. ఉప్పుగాని గ్లూకోజుగాని కలపని శుద్ధజలం నరంలోకి పెద్దమొత్తంలో పోతే, అది తగిలినచోటల్లా మేము ప్రయోగశాలలో చూచిన రెండవ నాళికే. విడుదలైన హీమోగ్లోబిన్ మూత్రపిండాలను చేరి, మూత్రం నల్లటేనీరు రంగుకు తిరిగి, పిండాలు పని మానివేయవచ్చు. ఇంజెక్షన్లు కలిపేందుకు వాడే శుద్ధజలం ఎంత నిర్మలమైనదైనా దానిని ఒంటరిగా నరంలో ఎక్కించరాదనేది అందుకే. గ్లూకోజు సీసా మీద 5 శాతమని ఉండటమూ ఇదే లెక్క. ఆ పాళ్ళలో గ్లూకోజు నీరు ఇంచుమించు రక్తానికి సమగాఢం. ప్రసంగవశాన ఒక మాట. మన పల్లెల్లో కాస్త నీరసం వస్తే చాలు, “ఒక సీసా ఎక్కించండి” అని బ్రతిమాలేవారు ఎందరో. అరలీటరు గ్లూకోజు సీసాలో ఉన్నది 25 గ్రాముల చక్కెర. ఒక జొన్నరొట్టె ఇచ్చే బలం కంటే అది ఎక్కువ కాదు. వాంతులు పట్టి నోటితో ఏదీ నిలువని రోగికి అది ప్రాణదానమే. నడిచివచ్చి కూర్చున్నవానికి రొట్టె చాలు.

ఎర్రకణం ఉప్పు మీద ఆధారపడి ఊరకే కూర్చోదు. దాని కడుపునిండా హీమోగ్లోబిన్ ఉన్నది గనుక, సరియైన ఉప్పునీటిలో సైతం నీరు మెల్లమెల్లగా లోపలికి లాగబడుతూ ఉంటుంది. దానిని అడ్డుకోవడానికి పొరలోని ఒక యంత్రం రాత్రింబవళ్ళు సోడియాన్ని బయటికి తోడుతుంది. మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి. ఆ యంత్రానికి కావలసిన ఇంధనం ఏ.టి.పి. అనే పదార్థం. 1929లో ఆ పదార్థాన్ని కండరంలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కణం బ్రతికే నూట ఇరవై రోజులూ ఈ తోడకం ఆగదు.

మరి నీరు అంత వేగంగా పొరను ఎలా దాటుతుంది? కొవ్వుతో చేసిన పొర గదా! ఈ చిక్కు విడినదీ ఎర్రకణం వల్లనే. అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రే ఎర్రకణపు పొరలో ఒక మాంసకృత్తును చూచి, దాని పని ఏమిటో తెలియక సందేహంలో పడ్డాడు. కప్పగుడ్లు చెరువు నీటిలోనే ఉన్నా పగలవని మనకు తెలుసు. వాటి పొర నీటిని సులభంగా రానివ్వదు. ఆగ్రే బృందం ఆ మాంసకృత్తు కప్పగుడ్లలో తయారయ్యేటట్లు చేసి, ఉప్పు తక్కువ నీటిలో వేయగా అవి నిమిషాల్లో ఉబ్బి చిట్లిపోయాయి. 1992లో వెల్లడైన ఈ ప్రయోగంతో నీటికి ప్రత్యేకమైన ద్వారాలున్నట్లు తేలింది. వాటికి ఆక్వాపోరిన్లని పేరు పెట్టారు. 2003లో ఆగ్రేకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకు కణం పగలడం ఆపద అన్నాము. ఆ పగలడాన్నే పనికి పెట్టుకొన్న కథ మన పొరుగున జరిగింది. మేడ్చల్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూచాడు. ఆ దోమలు కరచినది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి ముట్టింది. హుస్సేన్ ఖాన్ పేరు పాఠ్యపుస్తకాల్లో కానరాకపోవడం మాకు కొంత కష్టంగానే తోస్తుంది. బేగంపేటలో రాస్ పనిచేసిన కట్టడం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో నేటికీ ఉన్నది.

రాస్ చేసిన మరొక పని దీనంత ప్రసిద్ధం కాదు గాని, మన విషయానికి అదే ముఖ్యం. మలేరియా క్రిమి ఎర్రకణం లోపల దాగి ఉంటుంది. గాజుపలక మీద రక్తాన్ని పలుచగా పూసి చూస్తే, వేల కణాల్లో ఎక్కడో ఒకదానిలో ఉన్న క్రిమిని వెదకడానికి గంటలు పట్టేది. మందంగా పూస్తే కణం మీద కణం పేరుకొని ఎరుపు తప్ప ఏమీ కనబడదు. 1903లో రాస్ ప్రకటించిన ఉపాయం సూటియైనది. మందపు చుక్కను ఎండబెట్టి నీటితో తడిపితే ఎర్రకణాలు పగిలి, హీమోగ్లోబిన్ కడుక్కుపోతుంది. క్రిమి మాత్రం పలకకు అంటుకొని మిగిలిపోతుంది. అప్పుడు రంగు పూస్తే తక్కువ వ్యవధిలో ఎక్కువ రక్తాన్ని శోధించినట్లవుతుంది.

జ్వరపడిన మనిషి వేలినుండి తీసిన రక్తంతో గాజుపలక మీద ఒక ప్రక్క మందపు చుక్కను, మరొక ప్రక్క పలుచని పూతను ఆరోగ్య కార్యకర్తలు నేటికీ అందుకే పెడతారు. పలుచని పూతను మెథనాల్‌లో ముంచుతారు. అక్కడ కణాలు చెదరక నిలిచి, క్రిమి ఏ జాతిదో తెలుపుతాయి. మందపు చుక్కకు మెథనాల్ తగలనివ్వరు. తగిలితే పొర బిగుసుకొని నీటికి లొంగదు, ఆ పలక వృథా అవుతుంది. ఒకే పలక మీద ఒకచోట కణాన్ని కాపాడటం, రెండవచోట కావాలని పగులగొట్టడం!

మేము ఈ వ్యాసానికి పూనుకొనడానికి అసలు కారణం వేరొకటి ఉన్నది. రెండేండ్ల క్రిందట శామీర్‌పేట వైపునుండి వచ్చే మా పూర్వవిద్యార్థి ఒకడు తన అన్న కూతురిని చంకన వేసుకొని మా ఇంటికి వచ్చాడు. పిల్లకు నాలుగేండ్లు. తలసేమియా. నెలకొకసారి పరుల రక్తం ఎక్కించనిదే నిలువదు. తల్లికి గాని తండ్రికి గాని ఏ జబ్బూ లేదు. ఇద్దరిలోనూ ఆ లోపం సగం దాగి ఉన్నదని పిల్ల పుట్టిన తరువాతనే తెలిసింది. “పెండ్లికి ముందు జాతకాలు, కట్నాలు, వంశాలు అన్నీ చూస్తారు గదా సార్, ఇది చూడమని ఎవరూ ఎందుకు చెప్పరు?” అన్నాడు. మా వద్ద జవాబు లేకపోయింది.

ఆ దాగిన లోపాన్ని అనుమానించడానికి ఉన్న చౌక పరీక్ష మేము చూచిన ఆ నాళికల పరీక్షే. తలసేమియా లోపం సగమున్నవారి ఎర్రకణాల్లో హీమోగ్లోబిన్ తక్కువ. అందువల్ల పొర మరింత వదులుగా మిగిలి ఉంటుంది. మష్కు మరింత ఖాళీ అన్నమాట. కాబట్టి మామూలు కణాలు పగిలే నీటిలో కూడా అవి నిలుస్తాయి. నూటికి 0.36 పాళ్ళ ఉప్పునీరు రెండు మిల్లీలీటర్లు నాళికలో తీసుకొని, చిన్న చుక్క రక్తం వేసి అరగంట ఉంచుతారు. నాళిక వెనుక నల్లగీత గీసిన తెల్లకాగితం పెడతారు. గీత తేటగా కనబడితే కణాలు పగిలినవి, భయం లేదు. గీత మసకగా ఉంటే కణాలు పగలలేదు, అనుమానించాలి. పరీక్ష పేరు నెస్ట్రాఫ్ట్. సూక్ష్మదర్శిని అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు, ఖర్చు అత్యల్పం.

గీత మసకబారినంత మాత్రాన లోపమున్నదని తేల్చరాదు. ఇనుము తక్కువై రక్తం పలుచబడినవారిలోనూ కణాలు అట్లే మొండికెత్తుతాయి. మన ఆడపిల్లల్లో అది ఎక్కువ గనుక, మసక కనబడినవారికి హీమోగ్లోబిన్ ఏ2 అనే పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. లోపం సగమున్నవారు రోగులు కారు. వారి ఆయువుకు లోటు లేదు, వారి పెండ్లికీ అడ్డు లేదు. అటువంటివారు ఇద్దరు దంపతులైతేనే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అపాయం. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఇటువంటి పిల్లలకు రక్తం ఎక్కించే సేవ చేస్తున్నది. మా విద్యార్థి తన అన్న కూతురిని తీసుకొని పోతున్నది అక్కడికే.

కిందటి యేడు అతని చెల్లెలికి మేడ్చల్ సంబంధం కుదిరింది. నిశ్చయానికి ముందు అమ్మాయికి, అబ్బాయికి ఇద్దరికీ ఈ పరీక్ష చేయించాలని అతడు పట్టుబట్టగా, మగపెండ్లివారు మొదట చిన్నబుచ్చుకొన్నారట. అతడు వారిని ప్రయోగశాలకు తీసుకొనిపోయి నాళిక వెనుక గీతను చూపించాడు. అమ్మాయి నాళికలో గీత మసకగా ఉన్నది. అబ్బాయి నాళికలో తేటగా కనబడింది. శాబాన్ నెలలో నికా జరిగింది.